కప్పు అంటే రూపాయి, టేబుల్ స్పూన్ అంటే అణా: వంట కొలతలు పిల్లల చేతికి ఎలా ఎక్కించాలి?

ముందు మీ ప్రశ్నను నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను. మీరు జగిత్యాలలో ఆడపిల్లలకు మూడు నెలల వంట, బేకరీ కోర్సు చెప్తున్నారు. పిల్లల్లో ఎక్కువమంది తెలుగు మీడియంలో చదివినవాళ్లు. ఇంగ్లీషు వంటకాల్లో వచ్చే టీఎస్‌పీ, టీబీఎస్‌పీ, ఓజెడ్, ఎల్‌బీ లాంటి పొట్టి అక్షరాలనూ, కప్పులను గ్రాముల్లోకి మార్చే లెక్కలనూ పట్టిక ఇచ్చి బట్టీ పట్టించారు. పరీక్షలో అందరూ బాగానే రాశారు. వంటగదిలోకి వచ్చేసరికి మాత్రం చెంచాలు తారుమారు చేస్తున్నారు. ఏం చేయాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. పట్టికను కోర్సు మొదట్లో ఇవ్వకండి. చివర్లో వాళ్లతోనే రాయించండి. మొదటి వారం అంతా వాళ్ల చేతికి చెంచా, గ్లాసు, కాంటా ఇచ్చి నీళ్లు, ఉప్పు, మైదా కొలిపించండి. కొలత చేతికి అలవాటయ్యాక దాని ఇంగ్లీషు పొట్టి పేరు చెప్తే ఒక్క పూటలో వచ్చేస్తుంది. పేరు ముందు చెప్పి కొలత తర్వాత చూపిస్తే మూడు నెలలైనా రాదు.

ఇంకో మాట. చెంచాల నుంచి కప్పులకు మారడం ఒక లెక్క, కప్పుల నుంచి గ్రాములకు మారడం పూర్తిగా వేరే లెక్క. మొదటిది ఉత్త గుణకారం, ఏ సరుకైనా ఒకటే. రెండోది సరుకును బట్టి మారుతుంది, కాంటా మీద పెట్టి చూడాల్సిందే. చాలా పుస్తకాల్లో ఈ రెండూ పక్కపక్కనే ఒకే పట్టికలో ఉంటాయి. పిల్లలు తికమకపడేది అక్కడే.

నేను హనుమకొండలో 17 ఏళ్లుగా వంట, బేకరీ కోర్సులు చెప్తున్నాను. పరకాల, నర్సంపేట, ములుగు, జనగామ వైపు నుంచి పిల్లలు వస్తారు. మీ పిల్లల పరిస్థితే మా పిల్లలది కూడా. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

చెప్పడం మొదలుపెట్టిన మూడో ఏడు ఒక సంగతి జరిగింది. ఒక స్కూలు వార్షికోత్సవానికి 60 కప్ కేకుల ఆర్డరు వచ్చింది. పిల్లలతోనే చేయిద్దామని బోర్డు మీద కొలతలు రాశాను. తొందరలో "వంట సోడా, ఒక టీ" అని ఒక్క ఇంగ్లీషు అక్షరం మాత్రం రాశాను. ఇంగ్లీషు వంటల పుస్తకాల్లో చిన్న అక్షరం టీ రాస్తే టీ స్పూన్, పెద్ద అక్షరం టీ రాస్తే టేబుల్ స్పూన్. నేను రాసింది చిన్నదే. కానీ సుద్దముక్కతో గీసిన అక్షరం వెనక బెంచీకి పెద్దదిగా కనిపించింది. మహబూబాబాద్ నుంచి వచ్చే అమ్మాయి పెద్ద చెంచాతో వేసింది, అంటే మూడింతలు. కేకులు గోధుమరంగు దాటి నల్లబడ్డాయి. నోట్లో పెట్టుకుంటే మొదట ఏమీ తెలియలేదు, మింగాక నాలుక వెనక భాగంలో సబ్బు నమిలినట్టు చేదు. 60 కేకులూ పారబోశాం. ఆ అమ్మాయి మూలన కూర్చొని ఏడ్చింది. ఆమె తప్పేం లేదు, బోర్డు మీద ఉన్నదే వేసింది. ఆ రోజు నుంచి మా దగ్గర ఒక నియమం పెట్టుకున్నాను: ఒక్క అక్షరంతో కొలత రాయకూడదు. నేను రాయను, పిల్లలను రాయనివ్వను. నోట్సులో "టీ స్పూన్", "టేబుల్ స్పూన్" అని తెలుగులో పూర్తిగా రాయాలి. పొట్టి అక్షరాలు చదవడం వస్తే చాలు, రాయాల్సిన అవసరం వాళ్లకు లేదు.

చదవడానికి ఒక చిన్న కిటుకు ఉంది. టీఎస్‌పీ అంటే టీ స్పూన్, టీబీఎస్‌పీ అంటే టేబుల్ స్పూన్. రెంటిలో ఒక్క అక్షరమే తేడా, మధ్యలో బీ. బీ ఉంటే బడా చెంచా. మన వైపు బడా అనే మాట తెలియని పిల్ల ఎవరుంటారు? ఇది చెప్పిన తర్వాత ఆ రెంటినీ తికమకపడ్డ పిల్లను నేను చూడలేదు. ఒకసారి ఒక అమ్మాయి లేచి, "మేడం, మరి టీబీ అని రెండక్షరాలే రాస్తే?" అని అడిగింది. అదీ బడా చెంచానే. బీ కనిపిస్తే చాలు.

మిగతా పొట్టి అక్షరాల్లో అవసరమైనవి కొన్నే. ఓజెడ్ అంటే ఔన్సు, ఎల్‌బీ అంటే పౌండు, పీటీ అంటే పింట్, క్యూటీ అంటే క్వార్ట్. సీ ఒక్కటే ఉంటే కప్పు, పక్కన డిగ్రీ గుర్తు సున్నా ఉంటే సెల్సియస్. ఔన్సుకు ఓజెడ్ ఎందుకని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. అది ఔన్సుకు పాత ఇటాలియన్ మాట నుంచి వచ్చింది. పౌండుకు ఎల్‌బీ లాటిన్‌లో తూకాన్ని చెప్పే 'లిబ్రా' నుంచి వచ్చింది. ఈ సంగతి చెప్తే పిల్లలకు భయం పోతుంది. ఆ అక్షరాలకు, పేరుకు పొంతన లేకపోవడం తమకు ఇంగ్లీషు రాకపోవడం వల్ల కాదని తెలుస్తుంది. తెలుగు మీడియం పిల్లలకు ఈ ఒక్క ధైర్యం చాలా పని చేస్తుంది.

ఇక మొదటి రోజు ఏం చేయాలో చెప్తాను. ముందురోజే పిల్లలకు చెప్పండి: ఇంట్లో ఉన్న టీ చెంచా ఒకటి, పెద్ద చెంచా ఒకటి, దగ్గు మందు సీసా మీద వచ్చే ప్లాస్టిక్ మూత ఒకటి తెమ్మని. ఆ మూత మీద 2.5, 5, 10 మి.లీ. గీతలు ఉంటాయి. దాంట్లో 5 దాకా నీళ్లు పోసి తెచ్చిన చెంచాలో వంపమనండి. ఒకరి చెంచా నిండి పొర్లిపోతుంది, ఇంకొకరి చెంచాలో సగానికే వస్తుంది. ఇరవై మంది ఇరవై చెంచాలు తెస్తే ఇరవై కొలతలు. కొలత చెంచా వేరే ఎందుకు కొనాలో మీరు ఒక్క మాట కూడా చెప్పక్కర్లేదు. టీ స్పూన్ అంటే 5 మి.లీ., టేబుల్ స్పూన్ అంటే 15 మి.లీ. మూడు చిన్నవి కలిస్తే ఒక పెద్దది. ఇది నీళ్లతో వాళ్లే పోసి చూసుకోవాలి.

అదే రోజు నేను చక్కెర, ఉప్పు నీళ్లు కలిపిస్తాను. విరేచనాలైనప్పుడు ఇంట్లో కలిపే నీళ్లు: లీటరు శుభ్రమైన నీళ్లకు ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూన్ ఉప్పు, అన్నీ పైన సమంగా గీకి. మందుల షాపులో ప్యాకెట్ దొరికితే ప్యాకెటే వాడాలి, దొరకనప్పుడే ఇది. ఇక్కడ అర టీ స్పూన్ బదులు అర టేబుల్ స్పూన్ ఉప్పు వేస్తే ఏమవుతుందని అడుగుతాను. పిల్లలు ఒక గుక్క తాగి చూసి మొహం చిట్లిస్తారు. చంటిపిల్లలకు అంత ఉప్పు ప్రమాదం. కేకు పాడైతే మైదా పోతుంది, అది వేరు. చెంచా తేడా మనిషి మీదికి వచ్చే చోటు ఒకటుందని పిల్లలకు మొదటి రోజే తెలియాలి. మా దగ్గర చదివినవాళ్లలో కొందరు అంగన్వాడీల్లో చేరారు. వాళ్లకు కేకు కంటే ఇదే ఎక్కువ పనికొస్తుంది.

రెండో రోజు కప్పు. ఇక్కడ మన తెలంగాణ మాటే మనకు సాయం. "చారాణ కోడికి బారాణ మసాల" అని బోర్డు మీద రాసి, చారాణ అంటే ఎంత, బారాణ అంటే ఎంత అని అడగండి. ఎవరో ఒకరు చెప్తారు, లేకపోతే ఇంటికి వెళ్లి నానమ్మను అడిగి వస్తారు. పాత రూపాయికి 16 అణాలు. చారాణ అంటే నాలుగు అణాలు, పావు. ఆఠాణ ఎనిమిది, సగం. బారాణ పన్నెండు, ముప్పావు. ఇప్పుడు చెప్పండి: కప్పు అంటే రూపాయి. టేబుల్ స్పూన్ అంటే అణా. కప్పుకు సరిగ్గా 16 టేబుల్ స్పూన్లు. పదిహేను పదహార్ల 240 మి.లీ., లెక్క సరిపోయింది.

ఇది చెప్పాక పిల్లలు లెక్క చేసే తీరే మారిపోతుంది. పావు కప్పు అంటే చారాణ, నాలుగు టేబుల్ స్పూన్లు. అర కప్పు ఎనిమిది. కప్పులో ఎనిమిదో వంతు అంటే బేడ, రెండు టేబుల్ స్పూన్లు. అసలు కష్టం ఎక్కడొస్తుందంటే, వంటకం సగానికి తగ్గించేటప్పుడు. ముప్పావు కప్పులో సగం ఎంత అని కాగితం మీద అడిగితే మా బ్యాచ్‌లో సగం మంది ఆగిపోయేవారు. భిన్నాలంటే వాళ్లకు పదో తరగతి నుంచే టెన్షన్. బారాణలో సగం ఎంత అని అడిగితే వెంటనే "ఆరాణ మేడం" అంటారు. ఆరు టేబుల్ స్పూన్లు, అంతే. అణాల నుంచి టీ స్పూన్లకు దిగేటప్పుడు మాత్రం మూడుతో గుణించాలి, అది విడిగా చెప్పండి. ఈ పద్ధతికి లొంగనిది ఒక్కటే, కప్పులో మూడో వంతు. అది ఐదు టేబుల్ స్పూన్లు, ఒక టీ స్పూన్. దాన్ని బట్టీ పట్టించండి, తప్పదు.

ఇంతకంటే పెద్ద కొలతలకు ఇంకో పాత లెక్క పనికొస్తుంది. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అన్నీ రెట్టింపులే. అమెరికా కొలతలూ ఇలాగే మెట్లెక్కుతాయి. రెండు కప్పులు పింట్, రెండు పింట్లు క్వార్ట్, నాలుగు క్వార్ట్లు గాలన్. సోలెడు, మానెడు అని ఇంట్లో విన్న పిల్లలకు ఇది కొత్తగా అనిపించదు. మన దేశంలో 1962 ఏప్రిల్ 1 నుంచి మెట్రిక్ కొలతలు తప్పనిసరి అయ్యాయి, అయినా మాటలు ఇంకా పోలేదు. వాటిని బడిలోకి రానిస్తే తప్పేంటి?

ఒకసారి ములుగు వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి వాళ్ల నానమ్మను క్లాసుకు తీసుకొచ్చింది. ఆమె ఇత్తడి సోలతో బియ్యం కొలిచి చూపించింది. మొదటిది పోస్తూ "ఒకటి" అనలేదు, "లాభం" అంది. తర్వాత రెండు, మూడు. పిల్లలందరూ ఆ మాట పట్టుకున్నారు. నేను మాత్రం ఆమె చేయి చూశాను. సోల నిండగానే ఎడమ అరచేతి అంచుతో పైన అడ్డంగా ఒక్క గీత గీసింది. గోపురంలా నిలిచిన గింజలు జారిపోయాయి, అంచుకు సమంగా నిలిచింది. తలగొట్టి కొలవడమంటే అదే. ఇంగ్లీషు వంటకంలో "లెవెల్" అని రాసి ఉండేది కూడా అదే. "హీప్డ్" అంటే గోపురంగా. ఏమీ రాయకపోతే తలగొట్టినట్టే లెక్క. ఒక టీ స్పూన్ ఉప్పు తలగొట్టి తూస్తే దాదాపు 6 గ్రాములు, గోపురంగా తీస్తే దానికి రెట్టింపు దాకా వస్తుంది. అన్నం కూరలో అయితే సర్దుకోవచ్చు, బ్రెడ్డు పిండిలో ఏం చేస్తాం?

ఇప్పుడు గ్రాముల సంగతి. ఇక్కడ తొందరపడకండి, కనీసం రెండు రోజులు పెట్టుకోండి.

ఒక డిజిటల్ కాంటా, ఒక 240 మి.లీ. కప్పు, రెండు కిలోల మైదా తీసుకోండి. మొదటి అమ్మాయిని కప్పును డబ్బాలో ముంచి, అదిమి తీయమనండి. రెండో అమ్మాయిని చెంచాతో మెల్లగా కప్పులో వేసి, చాకు వెనక వైపుతో గీకమనండి. మూడో అమ్మాయిని జల్లించి వేయమనండి. మా దగ్గర మొదటిది 150 గ్రాముల దాకా వస్తుంది, రెండోది 120, 125 మధ్య, మూడోది 110 దగ్గర. ఒకే కప్పు, ఒకే మైదా, తేడా 40 గ్రాములు. మూడు కప్పుల మైదా పడే కేకులో అది 120 గ్రాములు, అంటే ఒక కప్పు మైదా ఎక్కువ పడినట్టే. కేకు రాయిలా వచ్చిందని ఓవెన్‌ను తిడుతుంటారు, తప్పు కప్పు దగ్గరే జరిగి ఉంటుంది.

తర్వాత అదే కప్పుతో వేర్వేరు సరుకులు తూపించండి. నీళ్లు 240 గ్రాములు. చక్కెర 200. నూనె 220కి కాస్త అటూ ఇటూ. వెన్న 225 దాకా. తేనె 340. బియ్యం 190, 200 మధ్య. శనగపిండి 100కు అటూ ఇటూ, అంత తేలిక. తేనె కప్పును, శనగపిండి కప్పును రెండు చేతుల్లో పట్టుకోమనండి. "కప్పుకు ఎన్ని గ్రాములు?" అనే ప్రశ్న ఎందుకు తప్పో చేతులకే తెలుస్తుంది. "దేని కప్పు?" అని తిరిగి అడగడం నేర్చుకుంటారు. నా పిల్లల నోట ఆ ఎదురు ప్రశ్న వచ్చిన రోజు గ్రాముల పాఠం అయిపోయిందనుకుంటాను.

తూకం అంటే మన జిల్లాల పిల్లలకు కొత్త కాదు. మేడారం జాతరలో నిలువెత్తు బంగారం తూచడం చిన్నప్పటి నుంచి చూసినవాళ్లే. ఒక తట్టలో మనిషి, రెండో తట్టలో బెల్లం, అక్కడ బంగారం అంటే అదే. బెల్లం ఎంత ఎత్తు వచ్చిందని ఎవరూ చూడరు, కాడి సమంగా నిలిచిందా లేదా అనే చూస్తారు. తూకానికి, నిండుకు తేడా చెప్పాల్సి వచ్చినప్పుడు నేను ఈ మాటే గుర్తుచేస్తాను.

ఔన్సు దగ్గర ఇంకో గొయ్యి ఉంది. ఔన్సులు రెండు రకాలు. తూకం ఔన్సు 28.35 గ్రాములు. ద్రవ ఔన్సు అమెరికాలో దాదాపు 29.6 మి.లీ., దాని ముందు ఎఫ్ఎల్ అని రాసి ఉంటుంది. ఎనిమిది ద్రవ ఔన్సులు ఒక కప్పు అని నేర్చుకున్న పిల్ల, "8 ఔన్సుల మైదా" అని చూడగానే ఒక కప్పు మైదా వేస్తుంది. కావాల్సింది 227 గ్రాములు, పడింది 120. అందుకే నేను చెప్పేది: ఎఫ్ఎల్ లేని ఔన్సు కనిపిస్తే కప్పు ముట్టుకోవద్దు, కాంటా తీయాలి. పౌండు 16 ఔన్సులు, 454 గ్రాములు. అమెరికా వంటకాల్లో "ఒక స్టిక్ వెన్న" అంటే 113 గ్రాములు, అర కప్పు.

కప్పు అంటే అన్ని చోట్లా ఒకటే కాదు, ఇది కూడా చెప్పాలి. అమెరికా కప్పు 240 మి.లీ.కి కాస్త తక్కువ. ఆస్ట్రేలియా కప్పు 250, అక్కడి టేబుల్ స్పూన్ 20 మి.లీ. మన దగ్గర షాపుల్లో దొరికే కప్పుల సెట్లలో కొన్ని 240, కొన్ని 250. అడుగున రాసి ఉంటుంది, చూడమనండి. నమ్మకం లేకపోతే కప్పును కాంటా మీద పెట్టి, సున్నా చేసి, నీళ్లు నింపండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మి.లీ. సాధారణ వంటకు 10 మి.లీ. తేడా పట్టించుకోనక్కర్లేదు. పట్టించుకోవాల్సింది ఇంట్లోని టీ కప్పును. దాంట్లో 120, 150 మి.లీ. కంటే పట్టదు.

అలాగని ఇంటి గ్లాసును తీసిపారేయమని చెప్పకండి. ఉప్మాకు గ్లాసు రవ్వ, రెండున్నర గ్లాసుల నీళ్లు అంటే ఏ గ్లాసైనా పర్వాలేదు, మొదటి నుంచి చివరిదాకా అదే గ్లాసు వాడితే చాలు. అమ్మలు ఇన్నేళ్లుగా చేస్తున్నది అదే, అందులో తప్పేం లేదు. గ్లాసులతో పాటు గుడ్లు, చెంచాలు, గ్రాములు కలిసి వచ్చే వంటకంలో మాత్రం ఇంటి గ్లాసు పనికిరాదు. మూడు గుడ్లు మన గ్లాసును బట్టి పెరగవు, తగ్గవు కదా.

ఓవెన్ వేడి గురించి మీరు అడగలేదు. అయినా ఇది కూడా మార్పిడి లెక్కే, దీని వల్ల నష్టం ఎక్కువ. ఒక బ్యాచ్‌లో అమ్మాయి ఫోన్‌లో వంటకం చూసి, 350 డిగ్రీలు అని రాసుకొచ్చింది. మా చిన్న ఓవెన్ గుండీ 250 దగ్గర ఆగిపోతుంది. ఇంకా తిరగడం లేదని ఆ 250 మీదే పెట్టింది. పావుగంటకు పైన బొగ్గు, లోపల జావ. వంటకంలో ఉన్నది ఫారెన్‌హీట్. 350 ఫారెన్‌హీట్ అంటే 177 సెల్సియస్, 180 అని పెట్టుకోవచ్చు. 400 అంటే 200. 300 అంటే 150. లెక్క కావాలంటే 32 తీసేసి, ఐదుతో గుణించి, తొమ్మిదితో భాగించాలి. రోజువారీ పనికి సగం చేసి కాస్త కలుపుకుంటే చాలు. 250 దాటిన అంకె కనిపిస్తే ముందు అనుమానపడమని చెప్పండి, అది దాదాపు ఎప్పుడూ ఫారెన్‌హీటే.

ఇప్పుడు మన వంటల దగ్గరికి వద్దాం. విదేశీ వంటకాల కొలతలు నేర్పుతూ మన వంటలకు కొలతలు రాయకపోతే పిల్లలకు ఇది ఎవరిదో చదువు అనిపిస్తుంది. నేను సంక్రాంతి ముందు బ్యాచ్‌తో సకినాలు చేయిస్తాను. "కిలోకు పావుకిలో నువ్వులు" అని అందరూ చెప్తారు. దేని కిలో? రాత్రి నానబోసిన కిలో బియ్యం తెల్లారి వడగట్టి తూస్తే దాదాపు కిలోంపావు ఉంటుంది. పట్టించిన తడిపిండి కూడా అంతే తూగుతుంది. ఒక ఏడాది ఒక జట్టు తడిపిండిని కిలో తూచి, దానికి కిలో బియ్యం లెక్కన ఉప్పు, వాము వేసింది. పిండి లోపల ఉన్నది 800 గ్రాముల బియ్యమే, మిగతాది నీళ్లు. ఉప్పు ఎక్కువైంది. అప్పటి నుంచి మా నోట్సులో "బియ్యం తూకం" లేదా "తడిపిండి తూకం" అని రెండు మాటలూ రాసుకుంటాం. సర్వపిండికి పొడిపిండి కాబట్టి ఆ బాధ లేదు, నీళ్లే కొలిచి రాసుకోవాలి.

కారం విషయంలో చెంచా ఎంత సరిగ్గా కొలిచినా సరిపోదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే తేజ మిర్చి పొడి ఒక టీ స్పూన్, చపాటా మిర్చి పొడి ఒక టీ స్పూన్ వేసి రెండు గిన్నెల్లో ఒకే పప్పు చేయించండి. 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన చపాటాకు రంగు ఎక్కువ, కారం తక్కువ. తేజది మంట. కొలత ఒకటే, వంట ఒకటి కాదు. వంటకంలో "కారం ఒక టేబుల్ స్పూన్" అని ఉంటే ఏ మిర్చి అని పక్కన రాసుకోమంటాను.

ఎక్కువమందికి చేసేటప్పుడు అన్నీ ఒకే లెక్కన పెంచకూడదు, ఇది కూడా క్లాసులో చెప్పండి. బియ్యం, పప్పు, కూరగాయలు పదింతలు చేస్తే పదింతలు వేయొచ్చు. నీళ్లు, ఉప్పు, మసాలా, నూనె అలా కాదు. పెద్ద గుండిగలో ఆవిరై పోయే నీళ్లు తక్కువ కాబట్టి పదింతల నీళ్లు పోస్తే అన్నం ముద్దవుతుంది. లవంగాలు, దాల్చినచెక్క పదింతలు వేస్తే మందులా ఉంటుంది. నేను ఏడు, ఎనిమిదింతల దగ్గర ఆగి, రుచి చూసి కలుపుతాను.

దీని గురించే ఒక పెళ్లి వంటల మాస్టర్‌ను క్లాసుకు పిలిచాను. ఆయన అంతా అందాదగా వేస్తారు, కాంటా చూడరు. పిల్లలు నన్ను చూసి, "మరి మాకెందుకు మేడం ఈ గ్రాములు?" అన్నట్టు నవ్వారు. ఆయనను అడిగి, పిడికెడు ఉప్పు ఐదుసార్లు వేయించి తూచాను. ఐదుసార్లకూ రెండు మూడు గ్రాములకు మించి తేడా లేదు. తర్వాత పిల్లలతో వేయించాను. ఒకే అమ్మాయి పిడికెడు ఒకసారి 30 గ్రాములు, ఇంకోసారి 55. ఆయన చేతిలో ముప్పై ఏళ్ల కాంటా ఉంది. అది ఎలా వచ్చిందని అడిగితే ఆయనే చెప్పారు, మొదటి గురువు దగ్గర ఐదేళ్లు తరాజుతో తూచి ఇచ్చే పనే చేశానని.

పరీక్ష సంగతి. దయచేసి కాగితం మీద "ఒక టేబుల్ స్పూన్‌కు ఎన్ని మి.లీ.?" అని పెట్టకండి. దానికి పట్టిక బట్టీ పట్టినవాళ్లు కూడా సరిగ్గానే రాస్తారు, మీరు ఇప్పటికే చూశారు. ఇంగ్లీషులో పొట్టి అక్షరాలతో ఉన్న ఒక చిన్న వంటకం ఇచ్చి, సరుకులన్నీ గిన్నెల్లో కొలిచి వరుసగా పెట్టమనండి. వండక్కర్లేదు. పది నిమిషాలు చాలు. మీరు కాంటాతో ఒక్కో గిన్నె తూచి చూడండి. ఎవరికి ఏది రాలేదో మీకూ వాళ్లకూ అక్కడికక్కడే తెలుస్తుంది. మైదా, చక్కెర ఐదు గ్రాములు అటూ ఇటూ అయినా వదిలేస్తాను. సోడా, ఈస్ట్, ఉప్పు మాత్రం వదలను. తప్పిన పిల్లకు సున్నా వేసి పంపకండి, అదే గిన్నె మళ్లీ కొలిపించండి.

చివరగా, పట్టిక గోడకు అంటించాలా అని అడిగారు. అంటించండి, కానీ ప్రింటు తీసింది కాదు. మా గోడ మీద ఉన్నది ఒక చార్టు కాగితం, మూడు నాలుగు రకాల చేతిరాతలు. పైన "240 మి.లీ. కప్పు, తలగొట్టి" అని ఉంటుంది. కింద ఒక్కో వరుసలో సరుకు పేరు, ఎన్ని గ్రాములు, ఎవరు తూచారు, తేదీ. ప్రతి కొత్త బ్యాచ్ పాత కాగితం తీసేసి మొదటి నుంచి మళ్లీ తూచి రాస్తుంది. పోయిన బ్యాచ్‌లో బొంబాయి రవ్వ దగ్గర ఇద్దరమ్మాయిలకు మాట కుదరలేదు. ఒకరికి 165 వచ్చింది, ఇంకొకరికి 178. రెండుసార్లు తూచి, రెండో అమ్మాయి కప్పును బల్లకేసి తడుతోందని తేల్చుకున్నారు. కాగితం మీద 165 రాసి, పక్కన "తట్టొద్దు" అని ఎర్ర పెన్నుతో రాశారు. మీ పిల్లలు రాసే కాగితంలో అంకెలు మావాటికి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. మీ కప్పుతో, మీ సరుకుతో వాళ్లు తూచినవే పెట్టుకోండి.